సన్నగా కనబడాలి, ఊగకూడదు: ఓ టేకు డెస్క్ డైరీ

ఫిబ్రవరి రెండో వారం: కొలతలు

కిటికీకీ బీరువాకీ మధ్య జాగా 5 అడుగుల 2 అంగుళాలు. అందులో 5 అడుగుల డెస్క్ పడుతుంది. వెడల్పు 2 అడుగుల 4 అంగుళాలు దాటిందంటే బాల్కనీ తలుపు తగులుతుంది. ఈ రెండు కొలతలూ గది ఇచ్చినవే, వాటితో పేచీ లేదు. పేచీ అంతా ఎత్తుతోనే.

షాపుల్లో ఏ డెస్క్‌కి టేపు పెట్టినా 29, 30 అంగుళాలు వస్తోంది. పొడుగాటి మనిషి కాగితం మీద పెన్నుతో రాసుకోవడానికి అది బాగానే ఉంటుంది. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, పనంతా కీబోర్డు మీదే. 30 అంగుళాల బల్ల మీద చేతులు పెడితే భుజాలు పైకి లేస్తాయి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పోనీ కుర్చీ పైకి లేపుదామంటే పాదాలు గాల్లో వేలాడతాయి, కుర్చీ అంచు తొడల కింద ఒత్తుకుంటుంది.

అందుకని బజారు కొలత వదిలేసి ఒంటి కొలత తీసుకున్నాను. పాదాలు రెండూ నేలకి ఆనేట్టు కూర్చుని, భుజాలు వదులుగా ఉంచి, మోచెయ్యి మూలమట్టంగా మడిచి, నేల నుంచి మోచేతి కిందిదాకా మా ఆయనతో టేపు పెట్టించాను. 25న్నర అంగుళాలు. కాళ్ళకి చెప్పులుంటాయి, కుర్చీ కాస్త పైకీ కిందకీ సర్దుకోవచ్చు. అవి కలుపుకుని డెస్క్ ఎత్తు 26న్నర అని పుస్తకంలో పెన్నుతో రాసేశాను. పెన్సిల్‌తో రాస్తే ఎవరో ఒకరు వచ్చి చెరిపిస్తారు. మా అత్తయ్య అప్పుడే మొదలెట్టారు: "డెస్కా, పీటా?"

ఇక రూపం. పక్కనుంచి చూస్తే పై పలక ఒక సన్నటి గీతలా కనబడాలి. కింద పెట్టెలూ అరలూ వద్దు, కాళ్ళు నాలుగే కనబడాలి. ఇలాంటి డెస్కులు ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటాయి. దగ్గరికెళ్ళి టైప్ చేస్తే మానిటర్ వణుకుతుంది. సన్నటి బల్లకి మూడు జబ్బులు. నడుం దగ్గర కిందికి ఒంగిపోవడం ఒకటి, ముందుకీ వెనక్కీ ఊగడం ఒకటి, కుడికీ ఎడమకీ ఊగడం ఒకటి. లావుపాటి కాళ్ళూ, చుట్టూ నాలుగంగుళాల చట్రం ఉన్న పాతకాలం బల్లలకి ఈ మూడూ రావు. లావు తగ్గించి కూడా ఇవి రాకుండా చూడటమే ఈ ప్రాజెక్టు.

ఫిబ్రవరి చివర: కలప వేట

విశాఖలో పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నన్నాళ్ళూ పాత కలపకి కరువు లేదు. తలుపులు, గుమ్మాలు, దూలాలు తెచ్చి రోడ్డు పక్కన నిలబెట్టి అమ్ముతారు. ఆ దుకాణాల్లో ఏది పట్టుకున్నా బర్మా టేకే అంటారు, రంగం (రంగూన్) నుంచి ఓడలో వచ్చిందంటారు. కొంతవరకు నమ్మొచ్చు. కాకినాడ, విశాఖల నుంచి రంగూన్‌కి ఓడలు తిరిగిన రోజుల్లో ఉత్తరాంధ్ర మనుషులు ఎంతమంది అటు వెళ్ళారో మా వైపు ఇళ్ళలో అందరికీ తెలిసిన కథే. అలాగని ప్రతి గుమ్మమూ ఓడెక్కి వచ్చిందే అంటే ఎలా?

నేను ఊరు అడగలేదు, చెక్క చూశాను. గుమ్మం అడ్డంగా కోసిన చోట బ్లేడుతో కొంచెం గీకి, వలయాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశాను. గీకిన చోట తోలు లాంటి వాసన వచ్చి, వేలికి మైనం రాసినట్టు జారితే అది మంచి ముదురు టేకు. అలాంటి గుమ్మాల్లో 5 అంగుళాలకి 3 అంగుళాలున్న రెండు నిలువు పట్టెలు, వాటితో పాటు ఒక పాత తలుపు చట్రం తీసుకున్నాను. కాళ్ళకీ పట్టెలకీ సరిపోతాయి.

పాత కలపకి ఓ చిక్కుంది. కోత మిల్లువాళ్ళు చూడగానే చెయ్యి అడ్డం పెట్టేస్తారు. లోపల ఒక్క మేకు మిగిలినా బ్యాండ్ రంపం పళ్ళు పోతాయి, ఆ నష్టం వాళ్ళది. పాడైపోయిన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి గుమ్మం పొడవునా మెల్లగా నడిపించాను. మేకు ఉన్న చోట దారం పక్కకి లాగుతుంది. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకుల చుట్టూ టేకు నల్లబడి ఉంది. ఇనుముకీ చెక్కలోని టానిన్‌కీ పడదు, తడి తగిలితే ఆ మచ్చ లోపలిదాకా పోతుంది. సన్న ఉలితో చుట్టూ తొలిచి, పట్టకారుతో ఒక్కొక్కటీ పీకాను. అవి ఇప్పటి తీగ మేకులు కావు, నాలుగు పలకలుగా కొట్టిన కమ్మరి మేకులు. ఓ డబ్బాలో వేసి ఉంచాను.

ఇంకో మాట. పాత తలుపుల మీద రంగు పొరలుంటే పొడిగా ఉప్పు కాగితం పెట్టి రుద్దొద్దు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని నిబంధన వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది ఆ మరుసటి ఏడాది. అంతకు ముందటి రంగుల్లో ఎంత ఉందో చెప్పలేం. నేను నీళ్ళు చల్లి, తడి మీదే గీకి, ఆ పెచ్చులు మూటగట్టి పారేశాను. మాస్కు తప్పనిసరి. పిల్లలున్న ఇంట్లో అయితే ఆ పని ఇంటి బయటే చెయ్యాలి.

మార్చి మొదట: టేకా, ప్లైవుడ్డా

కోతలూ అతుకులూ నేనొక్కదాన్నీ చేసుకోలేను. మా వీధి చివర షెడ్డులో పనిచేసే మేస్త్రి గారితో ఒప్పందం కుదిరింది. యంత్రం పనులు ఆయనవి, గీతలు గీయడం, ఉలి పని కొంత, రుద్దుడు అంతా నాది. బొమ్మ చూపించగానే ఆయన మొదటి ప్రశ్న: "టేకుండగా పైన ప్లైవుడ్డేటమ్మా?"

న్యాయమైన ప్రశ్నే. కానీ చెక్క ఊపిరి పీలుస్తుంది. పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఆ అడ్డంలోనూ వలయాల వెంబడి వచ్చే మార్పు, వలయాలకి అడ్డంగా వచ్చే మార్పుకి దాదాపు రెట్టింపు. టేకు ఈ విషయంలో మిగతా కలపల కంటే చాలా నయం. అయినా 28 అంగుళాల వెడల్పు పలకని సముద్రం పక్క ఊళ్ళో పెట్టి కింద పట్టెలకి గట్టిగా బిగిస్తే, ఏదో ఒక వానాకాలం చీలుతుంది, లేదా పడవలా వంగుతుంది. చీలకుండా ఉండాలంటే మరకి గుండ్రటి బెజ్జం కాకుండా పొడుగు బెజ్జం పెట్టి, పలక జరగడానికి చోటివ్వాలి. అలా వదులుగా బిగించిన పలక కింది చట్రానికి బలం ఇవ్వదు. నాకు కావలసింది పలకా పట్టెలూ ఒకే ముక్కలా పనిచేయడం.

ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఈ ఉబ్బడం దాదాపు ఉండదు. పట్టెలకి ఫెవికాల్‌తో అతికించేయొచ్చు. ఏ ప్లైవుడ్ అన్నది ఇంకో సంగతి. షాపుల్లో "వాటర్‌ప్రూఫ్" అని ప్రతిదాన్నీ అంటారు. పలక మీద ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) నంబరు ముద్ర చూడాలి. ఐఎస్ 303 అంటే మామూలు వాడుకది, అందులో ఎంఆర్ రకం తేమకి మాత్రమే ఓర్చుకుంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్, దాని జిగురు 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా విడిపోకూడదన్నది పరీక్ష. డెస్క్ మీద ఎవరూ సముద్రం పోయరు, నిజమే. కానీ మా కిటికీలోంచి వచ్చే గాలి సగం సముద్రమే. ఐఎస్ 710 తీసుకున్నాను.

మందం లెక్క కూడా మేస్త్రి గారికి గీసి చూపించాను. పలక గట్టితనం మందంతో పాటు మామూలుగా పెరగదు, మందం ఘనంతో పెరుగుతుంది. 18 మిల్లీమీటర్ల పలక కంటే 24 మిల్లీమీటర్లది రెండు రెట్ల పైన, అంటే 2.37 రెట్లు గట్టిది. పొడవుదీ అదే వరస. మధ్యలో అదే బరువు పెట్టి పొడవు రెట్టింపు చేస్తే ఒంపు 8 రెట్లవుతుంది. అందుకే 3 అడుగుల స్టడీ టేబుల్‌కి సరిపోయిన పలక 5 అడుగుల డెస్క్‌కి నడుం దగ్గర జారిపోతుంది.

నా పలక ఇలా: నడుమ 16 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన 4 మిల్లీమీటర్ల టేకు వెనీర్ షీటు (పల్చటి టేకు పొర అతికించినది), కింద మళ్ళీ 4 మిల్లీమీటర్ల మామూలు షీటు. మొత్తం 24. కింది షీటు ఎవరికీ కనబడదు, దానికి డబ్బెందుకు అని షాపులో కూడా అన్నారు. ఒక్క వైపే వెనీరో మైకానో అతికిస్తే రెండు ముఖాలూ తేమని వేరువేరుగా పీల్చుకుంటాయి, పలక ఒక పక్కకి వంగుతుంది. బీరువా తలుపులు వంకర్లు తిరిగి మూతపడకపోవడానికి చాలా ఇళ్ళలో కారణం ఇదే.

మార్చి నడుమ: కాళ్ళు

కాళ్ళ ఆలోచన చండీగఢ్ నుంచి తెచ్చుకున్నాను. ల కార్బూజియే అనే ఆర్కిటెక్టు ఆ నగరానికి ప్లాను గీస్తే, ఆయన వరసకి తమ్ముడు పియరీ జానెరె 1951 నుంచి 1965 దాకా అక్కడే ఉండి కట్టించాడు. ఆఫీసులకీ, యూనివర్సిటీకీ, కోర్టుకీ వేల కుర్చీలూ బల్లలూ కావలసి వచ్చాయి. ఆయనా, ఆయనతో పనిచేసిన యూలీ చౌధురీ లాంటి మన ఆర్కిటెక్టులూ వాటికి నమూనాలు గీస్తే, స్థానిక వడ్రంగులు టేకుతో చేశారు. కంపాస్ విప్పినట్టు వాలుగా విచ్చుకున్న కాళ్ళు వాటి గుర్తు. తర్వాత తర్వాత ఆ సామాను పాతబడిందని ఆఫీసుల వెనక గుట్టలు పోసి తుక్కు కింద వేలం వేశారు. అవే కుర్చీలు ఇవాళ పారిస్, న్యూయార్క్ వేలాల్లో లక్షల్లో పలుకుతున్నాయి, చెక్క మీద ఆఫీసు లెక్క కోసం తెల్ల రంగుతో రాసిన అక్షరాలతో సహా.

ఆ కాళ్ళు అందానికి మాత్రమే అలా లేవని చేస్తుంటే తెలుస్తోంది. నిటారుగా నిలబెట్టిన రెండు కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊగకుండా ఉండాలంటే అతుకు ఒక్కటే దిక్కు. అవే కాళ్ళు కిందికి వచ్చేసరికి విచ్చుకుంటే, రెండు కాళ్ళూ నేలా కలిసి త్రిభుజమవుతుంది. త్రిభుజం ఊగదు. మూడు జబ్బుల్లో రెండోదానికి మందు అదే.

నా కొలతల్లో కాళ్ళ మధ్య పైన 4 అంగుళాలు, నేల దగ్గర 24. వాలు దాదాపు 23 డిగ్రీలు. పైన రెండు అంగుళాల మందం అడ్డపట్టె, దాంట్లోకి రెండు కాళ్ళూ దిగుతాయి. కాలు పైన రెండున్నర అంగుళాల వెడల్పుతో మొదలై కింద అంగుళంన్నరకి సన్నబడుతుంది. అడ్డపట్టెకి వాలుగా బెజ్జం తొలిచి, కాలి చివర అదే వాలుకి నాలుక చెక్కి దూర్చాలి. మూలమట్టం ఇక్కడ పనికిరాదు, కోణం సర్దుకునే బెవెల్ గేజ్ కావాలి. మేస్త్రి గారు యంత్రంతో నాలుకలు కోసిచ్చారు, బెజ్జాలు నేను ఉలితో తొలిచాను. మొదటి దానికి ఒక మధ్యాహ్నం పూర్తిగా పోయింది. ఆ తర్వాతవి కాస్త తొందరగానే దారికొచ్చాయి.

నాలుక బెజ్జంలోకి దిగేటప్పుడు సుత్తి దెబ్బలతో దిగకూడదు, చేత్తో నొక్కితే సగం దాకా వెళ్ళాలి, మిగతా సగం కొయ్యసుత్తితో నాలుగు తట్లకి దిగాలి అని మేస్త్రి గారి లెక్క. బిగువు ఎక్కువైతే బెజ్జం పక్కగోడ చీలుతుంది, తక్కువైతే జిగురు మీదే భారం. జిగురు రాసే ముందు టేకు ముఖాలని థిన్నర్ గుడ్డతో తుడిచాం. టేకులో నూనె ఉంటుంది, తుడవకపోతే ఫెవికాల్ పట్టు సరిగా రాదు. తుడిచిన గుడ్డ పసుపు గోధుమ రంగుకి తిరిగింది. చివరికి ప్రతి అతుకుకీ అడ్డంగా బర్మా (చేతి డ్రిల్లు)తో బెజ్జం వేసి వెదురు చీల దిగ్గొట్టారు ఆయన. "జిగురు పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో వొదిలెయ్యొచ్చు, చీల వొదల్దు" అన్నారు. వెదురు గుండ్రటి మచ్చ టేకు మీద తెల్లగా కనబడుతోంది. ముందు దాన్ని కప్పుదామనుకున్నాను, ఇప్పుడు అలాగే వదిలేయాలనిపిస్తోంది.

మార్చి చివర: నీళ్ళ డబ్బాల పరీక్ష

పలక అతికి ఆరాక, పట్టెలేమీ పెట్టకుండా, రెండు కాళ్ళ జతల మీద ఊరికే పెట్టి చూశాం. ఈ చివర నుంచి ఆ చివరకి నూలు దారం బిగించి, నడుమ 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు పెట్టాం. 40 కిలోలు. దారానికీ పలకకీ మధ్య సందు దాదాపు 3 మిల్లీమీటర్లు. కంటికి అంతగా తెలియదు కానీ నెలల తరబడి బరువు ఉంటే చెక్క ఆ ఒంపుకే అలవాటు పడిపోతుంది, మళ్ళీ పైకి రాదు.

ఆ తర్వాత కింద రెండు టేకు పట్టెలు అతికించాం. వెనకది 3 అంగుళాల లోతు, ముందుది 40 మిల్లీమీటర్లు. ముందు పట్టె అంచున పెడితే పలక సన్నదనం పోతుంది, అందుకని అంచు నుంచి 6 అంగుళాలు లోపలికి జరిపాం. నిలబడ్డ మనిషికి అది కనబడదు. కూర్చుంటే తొడలకి తగలకూడదు కాబట్టి ముందే లెక్క చూసుకున్నాను. పట్టె కింద నేలదాకా 60 సెంటీమీటర్ల పైన మిగులుతోంది, నా తొడ పైభాగం 56 దగ్గర ఉంది. మళ్ళీ అవే డబ్బాలు, అదే దారం. ఈసారి సందు ఒక మిల్లీమీటరు కూడా లేదు. మేస్త్రి గారు డబ్బాలు దించి, తనే ఎక్కి నడుమ కూర్చున్నారు.

మూడో జబ్బు మిగిలింది. కుడి ఎడమల ఊపు. దానికి వెనక కాళ్ళు రెండింటినీ కలుపుతూ 5 అంగుళాల వెడల్పు పలకని నిలువుగా బిగించాం, పై నుంచి ఓ 8 అంగుళాల కింద. ఇక్కడ వెడల్పే ముఖ్యం. ఒక్క మర మీద నిలబడ్డ పట్టె తిరుగుతుంది, 5 అంగుళాల ఎత్తున పైనొకటి కిందొకటి పట్టుకున్న పలక తిరగదు. తరవాత వైర్లు మోసే అర కూడా దీనికే తగిలిస్తాను.

ఏప్రిల్: అంచు

ఈ డెస్క్ సన్నగా కనబడేది ఇక్కడే. పలక మందం 24 మిల్లీమీటర్లు. చుట్టూ అంగుళంన్నర వెడల్పు గట్టి టేకు పట్టీ అతికించి, దాని కింది భాగాన్ని లోపలికి వాలుగా చెక్కేశాం. ఎదురుగా కనబడే అంచు 10 మిల్లీమీటర్లే మిగిలింది. ఆ వాలు నీడలోకి పోతుంది, కన్ను పలకంతా పదే అనుకుంటుంది. మిగతా 14 మిల్లీమీటర్లూ ఉన్నాయి, పనిచేస్తున్నాయి, కనబడట్లేదంతే.

చిత్రిక పట్టడం చాలా ఏళ్ళ తర్వాత. ముదురు టేకు మీద చిత్రిక బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుందిగా, ప్రతి అంచుకీ ఆగి నూరుకోవలసిందే. నూరిన బ్లేడు సరిగ్గా పడితే మాత్రం పొట్టు రిబ్బనులా పొడుగ్గా చుట్టలు తిరుగుతూ వస్తుంది, పలక మీద ఉప్పు కాగితం అక్కర్లేనంత నునుపు. చెక్క వాటం తిరగబడిన చోట చిన్న చిన్న పెళ్ళలు లేచాయి. అక్కడ రెండో వైపు నుంచి పట్టాలి.

వెనక అంచు మాత్రం చెక్కనివ్వలేదు. మానిటర్‌ని పట్టుకునే ఆర్మ్ క్లాంపుతో బిగుస్తుంది. క్లాంపుకి కింద సమంగా ఉన్న చోటు కావాలి, వాలు మీద జారుతుంది. మేస్త్రి గారికి ఒక పక్క చెక్కి ఒక పక్క వదిలేయడం అస్సలు నచ్చలేదు. "గోడ వైపే కదా" అని నేను, "గోడ వైపైతే మాత్రం, పనంటే పనేనమ్మా" అని ఆయన.

ఏప్రిల్ చివర: సొరుగు

ఒక్కటే సొరుగు, ఎడమ పక్కన, 14 అంగుళాల వెడల్పు, లోపల పెన్నులూ ఛార్జర్లూ కళ్ళజోడూ. మొత్తం ఎత్తు 2 అంగుళాలు దాటకూడదు, దాటితే అది కాలికి తగిలే పెట్టె అవుతుంది.

టెలిస్కోపిక్ ఛానల్ వేద్దామంటే మామూలుగా దొరికేది 45 మిల్లీమీటర్ల ఎత్తు, పక్కకి చెరో 12.7 మిల్లీమీటర్ల సందు కావాలి. రెండంగుళాల సొరుగు పక్కచెక్కంతా ఛానలే తినేస్తుంది. చెక్క మీద చెక్క జారే పాత పద్ధతే నయం. పక్క చెక్కలకి గాడి తీసి, బల్ల అడుగున బిగించిన టేకు పట్టీ ఆ గాడిలో నడిచేట్టు చేశాం. గాడి 10 మిల్లీమీటర్లు, పట్టీ 9 కంటే కొద్దిగా ఎక్కువ. పట్టీకి కొవ్వొత్తి రుద్దితే వేలితో తోసినా కదులుతోంది. నూనె రాయకూడదు, దుమ్ము పట్టి జిగటవుతుంది.

ఇప్పుడు ఎండాకాలం, చెక్క పొడిగా ఉంది. సందు ఇప్పుడే బిగువుగా పెట్టుకుంటే జూలైలో సొరుగు రాదు. సొరుగు ముందు చెక్క ఎత్తు చిన్నదే కాబట్టి ఉబ్బినా పెద్దగా ఉబ్బదు, అయినా పైన మిల్లీమీటరున్నర వదిలాం. మా ఇంట్లో పెద్ద బీరువా సొరుగులు వానాకాలం ఎలా పంతం పడతాయో అందరికీ తెలుసు కాబట్టి ఈ సందు గురించి ఎవరూ వాదించలేదు. పిడి పెట్టలేదు. ముందు చెక్క అడుగున వేళ్ళు పట్టేంత గాడి ఉంది.

మే: పాలిష్

వడ్రంగులు మూడు పేర్లు చెబుతారు: లక్క పాలిష్, మెలమైన్, పీయూ (పాలీయూరిథేన్). మిగిలిన ముక్కల మీద మూడూ వేయించి చూశాను. లక్క పాలిష్ వెలుగు అన్నిటికంటే బాగుంది. దాని మీద వేడి కాఫీ గ్లాసు కాసేపు పెట్టి తీస్తే తెల్లటి వలయం పడింది. కాఫీ లేకుండా పనిచేసే ఉద్దేశం నాకు లేదు. స్ప్రే కొట్టే మెలమైన్, ల్యాకర్ లాంటి పూతలు గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఆరేటప్పుడు పొగ పట్టినట్టు తెల్లబారతాయి. మా ఊళ్ళో మే నెలలో తేమ లేని రోజు కోసం చూస్తూ కూర్చోవాలి.

మెరుపు లేని పీయూనే తీసుకుని గుడ్డతో పల్చగా పొరల మీద పొరలు రుద్దాను. స్ప్రే అంత సాఫుగా రాదు కానీ గీత పడితే ఆ చోట మళ్ళీ రుద్దుకోవచ్చు. ముందు 120 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 180, ఆ తర్వాత 240. ఇవన్నీ చెక్క వాటం వెంబడే. వెనీర్ మీద మాత్రం 180తోనే మొదలుపెట్టాను, చెయ్యి మెల్లగా. 4 మిల్లీమీటర్ల షీటే అయినా దాని మీది అసలు టేకు పొర కాగితమంత పల్చన, అంచు దగ్గర రెండు రుద్దులు ఎక్కువైతే కింది చెక్క బయటపడుతుంది. పొరకీ పొరకీ మధ్య 320తో ముట్టీ ముట్టనట్టు. నూనె కలిసిన పాలిష్ గుడ్డలని ఉండ చుట్టి మూల పడేయకూడదు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. దండెం మీద విప్పి ఆరేసి పారేశాను.

పాత గుమ్మపు టేకూ కొత్త వెనీరూ మొదట రంగు కలవలేదు. కొత్తగా కోసిన టేకు పచ్చగా, చారలు చారలుగా కనబడుతుంది, వెలుతురు తగిలే కొద్దీ బంగారు గోధుమకి తిరుగుతుంది. అందుకని పాలిష్‌కి ముందు పలకని బాల్కనీలో వెలుతురుకి పెట్టాను. కొంత కలిసింది. మిగతాది కాలమే కలుపుతుంది. స్టెయిన్ వేసి ఒకే రంగు చేసేయమన్న సలహా చాలామంది ఇచ్చారు. టేకు కొని దాని మీద టేకు రంగు పూయడం నాకెందుకో మనస్కరించలేదు.

గడియ బిగించిన బెజ్జాలు ఒక కాలి మీద రెండు మిగిలాయి. టేకు పొట్టూ ఫెవికాలూ కలిపి నింపాం, ఆరాక చుట్టుపక్కల కంటే ముదురుగా తేలాయి.

జూన్: వైర్లు

ఇది గంటలో అయిపోయిన పని. వెనక 5 అంగుళాల పలకకి రేకు అర ఒకటి తగిలించి, అందులో స్పైక్ బాక్స్ పడుకోబెట్టాను. పలకలో గుండ్రటి బెజ్జాలు వేయలేదు. డెస్క్‌కీ గోడకీ మధ్య ఒక అంగుళం వదిలితే వైర్లన్నీ అక్కడి నుంచే దిగిపోతాయి. నేల మీదికి ఒక్క వైరు వస్తుంది. రేకు అరకి రెడ్ ఆక్సైడ్ పూసి, దాని మీద నల్ల రంగు వేశాను. ఉప్పు గాలికి పూత లేని ఇనుము మా ఇంట్లో ఒక్క వానాకాలం కూడా తట్టుకోదు.

మానిటర్ పై అంచు కంటి ఎత్తుకి, దూరం చెయ్యి చాచినంత. డెస్క్ కిందికి దిగింది కాబట్టి ఆర్మ్‌ని కాస్త ఎక్కువే పైకి లేపవలసి వచ్చింది.

జూలై: వానలు

నైరుతి వచ్చి చాన్నాళ్ళయింది. గది తలుపులు రెండూ గట్టిగా లాగితే గానీ రావట్లేదు, సొరుగు వస్తోంది. పైన సందు మిల్లీమీటరున్నర నుంచి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కొవ్వొత్తి ఇంకోసారి రుద్దాను. పలక మీద స్కేలు అంచు నిలబెట్టి చూస్తే వెలుతురు రావట్లేదు, వంగలేదన్నమాట. ముందు అంచు మీద వాలి టైప్ చేస్తే మానిటర్ కదులుతోందా అంటే కదులుతోంది, కొంచెం. అది డెస్క్ ఊపు కాదు, ఆర్మ్ ఊపు. క్లాంపు కింద గట్టి చెక్క ముక్క పెట్టి బిగిస్తే తగ్గింది.

కుడి వెనక కాలు కింద మాత్రం అర మిల్లీమీటరు సందుంది. రసమట్టం పెట్టి చూస్తే తప్పు కాలిది కాదు, నేల టైల్సు బాల్కనీ వైపు వాలుగా ఉన్నాయి. ప్రస్తుతానికి తోలు ముక్క పెట్టాను. వాలు కాళ్ళకి సర్దుకునే మర పాదాలు బిగించడం కష్టం, మర నిటారుగా ఉండదు. కాలి చివర కొంచెం సమంగా కోసి పెట్టొచ్చంటున్నారు మేస్త్రి గారు. వానలు తగ్గాక చూద్దాం.

ఆయన షెడ్డుకి వచ్చిన ఒకాయన ఈ డెస్క్ ఫొటో చూసి ఇలాంటిదే ఇద్దరు పిల్లలకి కావాలన్నారట. ఎత్తు మాత్రం 30 అంగుళాలే ఉండాలన్నారట, "అందరి ఇళ్ళలో అంతే కదా" అని. నా బొమ్మల పుస్తకం మేస్త్రి గారికి ఇచ్చేశాను, ఒక షరతు మీద: ముందు ఆ పిల్లలిద్దరినీ కుర్చీలో కూర్చోబెట్టి మోచెయ్యి కొలిచి రావాలి. పెద్దమ్మాయికి పదమూడేళ్ళట, ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆ డెస్క్ అడ్డపట్టె కింద ఎత్తు సర్దుకునే చెక్క ముక్కలు పెట్టే వీలుందా అని ఇద్దరం గీసి చూస్తున్నాం.